నబోయిషోలో తలంబ్రాలు

మా అక్క కూతురి పెళ్లి జూన్‌లో కెన్యాలో జరిగింది. మసాయ్ మారా అభయారణ్యాన్ని ఆనుకుని, జంతువులకి వదిలిన నబోయిషో కన్సర్వెన్సీ అనే నేలలో, గుడారాలతో కట్టిన ఒక సఫారీ క్యాంపులో. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది నేనూ, మావారూ. బావగారు పోయి అప్పటికి మూడేళ్లు.

పిల్ల ఆరేళ్లుగా నైరోబీలో ఉద్యోగం చేస్తోంది. అబ్బాయిదీ అక్కడే ఉద్యోగం, వాళ్లది తెనాలి. హైదరాబాద్‌లో హాలు మాట్లాడతాం, అందరినీ పిలుస్తాం, నాన్న లేని లోటు కనపడనివ్వం అని ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో. "పిన్నీ, ఈ ఒక్కటీ నా మాట వినండి" అనేది తప్ప, అంత దూరం ఎందుకో చెప్పేది కాదు. నాకు కాస్త కోపం కూడా వచ్చింది. కారణం తెలిసింది పెళ్లి ముందు రోజు రాత్రే.

బయల్దేరే ముందు

కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్లకి మన ఎయిర్‌పోర్టులో ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు, కాబట్టి ఆఖరి వారంలో పరిగెత్తితే లాభం లేదు. వీసా గొడవ లేదు, 2024 జనవరి నుంచి ఈటీఏ అని ఆన్‌లైన్‌లోనే అనుమతి ఇస్తున్నారు.

ముహూర్తం దగ్గర మాత్రం చాలా చర్చ నడిచింది. లగ్నం ఆ చోటి సూర్యోదయాన్ని బట్టి కట్టాలి. హైదరాబాద్ టైములోంచి రెండున్నర గంటలు తీసేస్తే సరిపోదు. రాత్రి లగ్నాలు బావున్నా వదులుకున్నాం, చీకటి పడ్డాక అక్కడ ఆరుబయట కూర్చోవడం కుదరదు. చివరికి ఉదయం 9 గంటల 40 నిమిషాలకి కర్కాటక లగ్నం కుదిరింది. పిల్ల ఇంటికి పెద్దది, నెల చూస్తే జ్యేష్ఠం. అబ్బాయి కూడా పెద్దవాడైతే మూడు జ్యేష్ఠాలు కలిసి త్రిజ్యేష్ఠ అయ్యేది, రెండోవాడు కాబట్టి ఆ దోషం లేదని పంతులుగారు చెప్పాకే అక్క మనసు కుదుటపడింది.

కెన్యాలో 2014 వివాహ చట్టం హిందూ పెళ్లిని కూడా విడిగా గుర్తిస్తుంది. అయినా పిల్లలు ముందే రిజిస్ట్రార్ దగ్గర 21 రోజుల నోటీసు ఇచ్చి, సంతకాలు పెట్టి, కాగితాల పని పూర్తి చేసుకున్నారు. మా చేతుల్లో మిగిలింది అసలు పెళ్లి.

మొదటి రోజు, నైరోబీ

ముంబై నుంచి సుమారు ఆరు గంటల ప్రయాణం. భూమధ్యరేఖ దగ్గర అంటే ఎండ మండిపోతుందనుకున్నాం. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. జూన్‌లో మబ్బు, చలి. దిగగానే స్వెట్టర్లు వేసుకున్నాం.

మధుపర్కాలు, బాసికాలు, అడ్డతెర ఉన్న సూట్‌కేసు మాతో రాలేదు. బెల్టు ఆగిపోయేదాకా నిలబడ్డాం. మంగళసూత్రాలు అక్క చేతిసంచీలోనే ఉన్నాయి కాబట్టి ప్రాణం నిలిచింది. మర్నాడు సాయంత్రానికి పెట్టె ఇంటికి చేరింది. ఆ ఒక్క రోజూ ఎవరికీ అన్నం సహించలేదు.

రెండో రోజు, పెళ్లి సరుకులు

మార్కెట్‌లో తిరుగుతుంటే టెన్షన్ కాస్త తగ్గింది. పార్క్‌లాండ్స్‌లో డైమండ్ ప్లాజా అని మనవాళ్ల దుకాణాలన్నీ ఒకచోట ఉంటాయి. స్వాహిలీలో కూడా దుకాణాన్ని 'దూకా' అనే అంటారు. బెల్లం పేరు 'సుకారి గురు'. తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు, ఆవునెయ్యి, అన్నీ దొరికాయి. కొబ్బరికాయలు మొంబాసా తీరం నుంచి వస్తాయట. అరిటాకులు, మామిడాకులు పిల్ల ఆఫీసులో తోటమాలి తెచ్చిచ్చాడు.

తమలపాకులు లెక్కపెట్టిచ్చిన గుజరాతీ పెద్దావిడ, పెళ్లి కోసమని తెలియగానే ఓ కట్ట ఎక్కువే వేసి డబ్బులు వద్దంది. ఆవిడ తాతగారు రైలు పట్టాలు వేయడానికి వచ్చినవాడట. 1896 నుంచి 1901 వరకు మొంబాసా రైలు మార్గం కోసం మన దేశం నుంచి 30 వేలమందికి పైగా కూలీలని తీసుకొచ్చారు. ఎంతోమంది ఆ పనిలోనే పోయారు. ఉండిపోయినవాళ్ల సంతతితో సహా అక్కడి ఆసియా మూలాలవాళ్లని 2017లో కెన్యా ప్రభుత్వం తమ దేశంలో 44వ తెగగా గుర్తించింది. "మేము ఇక్కడివాళ్లమే" అని ఆవిడ రెండుసార్లు అంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2020 జూన్ నుంచి రక్షిత అడవుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ తీసుకెళ్లకూడదు. పెళ్లి సామానంతా గుడ్డసంచుల్లోకి, స్టీలు డబ్బాల్లోకి మార్చాం. మా అమ్మమ్మ పెళ్లి సామాను ఇలాగే ఉండేదేమో అనిపించింది.

మూడో రోజు, మారా దారి

విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి పది పన్నెండు మంది పట్టే చిన్న విమానాలు వెళ్తాయి. ముక్కాలు గంటలో దింపుతాయి. కానీ మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లో. అందుకని అక్కనీ పిల్లనీ మగపెళ్లివారినీ విమానం ఎక్కించి, నేనూ మావారూ పంతులుగారూ సరుకులతో ల్యాండ్ క్రూజర్‌లో బయల్దేరాం.

లిమూరు దాటాక రోడ్డు పక్కన ఒకచోట ఆపారు. కాళ్ల ముందు నేల ఒక్కసారిగా దిగిపోయి ఉంది, రిఫ్ట్ వ్యాలీ. దూరంగా లాంగొనాట్ అగ్నిపర్వతం. పంతులుగారు చెప్పులు విప్పి నమస్కారం పెట్టారు. నైరోబీలో ఒక గుడిలో తొమ్మిదేళ్లుగా అర్చకత్వం చేస్తున్న తెలుగాయన, ఇటు రావడం ఇదే మొదటిసారట. లోయలోకి దిగేచోట 1942లో ఇటలీ యుద్ధఖైదీలు కట్టిన బుల్లి చర్చి ఉంది. ఈ రోడ్డు వేసింది కూడా వాళ్లే.

నరోక్ దాటాక గోధుమ చేలు అయిపోయి గడ్డి మొదలైంది. ముందు ఆవులు, తర్వాత ఆవుల పక్కనే జీబ్రాలు. కంచె లేదు, ఏమీ లేదు. పుట్టల మీదెక్కి టోపీలనే దుప్పులు కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాయి. క్యాంపు చేరేసరికి నాలుగయ్యింది. అరిటాకులు వాడిపోకుండా దారంతా తడిగుడ్డ మార్చుకుంటూ వచ్చాను.

క్యాంపు మేనేజరు చెప్పిన నియమాలు ఇవి. చీకటి పడ్డాక గుడారం నుంచి ఒంటరిగా అడుగు బయటపెట్టకూడదు, టార్చి ఊపితే బల్లెంతో కాపలా ఉన్న మసాయ్ (అక్కడ పశువులు కాసుకునే తెగ) మనిషి వచ్చి తీసుకెళ్తాడు. మైకు లేదు, డ్రోన్ లేదు, టపాకాయలు లేవు. తిండి పదార్థం ఏదీ గుడారంలో పెట్టుకోకూడదు. అక్షింతల బియ్యం కూడా తిండేనని పంతులుగారు గుర్తుచేసి డబ్బా తీసుకెళ్లి వంటగదిలో అప్పజెప్పారు.

ఆ రాత్రి సింహం అరిచింది. సినిమాల్లో విన్న గర్జనలా లేదు. పొట్టలోంచి తోడినట్టు, ఆగి ఆగి, చివరికి మూలుగులా తేలిపోయింది. ఆ అరుపు ఏడెనిమిది కిలోమీటర్ల దూరం వినిపిస్తుందట. దుప్పటిలో పెట్టిన వేడినీళ్ల బ్యాగుని కావలించుకుని అక్కా నేనూ ఒకే మంచం మీద పడుకున్నాం. చిన్నప్పటి తర్వాత మళ్లీ అదే.

నాలుగో రోజు, పెళ్లికూతురిని చేయడం

పొద్దున్నే పెళ్లికూతురిని చేశాం. నలుగు పెట్టి, తలంటి, కొత్తచీర కట్టించాం. బకెట్‌లో పోసి పైకి లాగే నీళ్లతో మంగళస్నానం. నలుగు పెడుతున్నప్పుడు అక్క గుడారం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, తనే ఆగింది. మన ఇళ్లల్లో భర్త పోయిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్లే ఆగిపోతాయి. "అమ్మా, నువ్వు రా. నువ్వు పెడితేనే నేను లేస్తా" అంది పిల్ల. అక్క వచ్చి దాని బుగ్గకి కాస్త పసుపు రాసి, వెంటనే చెయ్యి కడుక్కోవడానికని బయటికి వెళ్లిపోయింది.

సాయంత్రం, రాత్రిపూట కాపలా కాసే మనిషి వాళ్ల అమ్మగారు మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. నబోయిషో అంటే వాళ్ల భాషలో కలిసి రావడం. 2010లో సుమారు 500 మసాయ్ కుటుంబాలు తమ తమ చెక్కల్ని కలిపి, 50 వేల ఎకరాల దాకా ఒకే పట్టుగా జంతువులకి వదిలారు. క్యాంపులు ఆ కుటుంబాలకి నెలనెలా అద్దె కడతాయి. పశువులు మేయడానికి వంతులుంటాయి. ఈ పెద్దావిడ ఇంటిది కూడా అందులో ఒక చెక్క. అంటే మేము పందిరి వేసుకుంటున్నది ఆవిడ నేల మీద.

వాళ్ల భాష పేరు 'మా'. ఆ మాట వినగానే అక్క ముఖంలో నవ్వొచ్చింది. పెద్దావిడ 'మా' భాషలో అంటే, కొడుకు స్వాహిలీలో చెప్తే, మా పిల్ల తెలుగులో చెప్పింది. రేపు ఏం చేస్తారని అడిగారు. అన్నీ చెప్పి, చివర్లో అప్పగింతలప్పుడు పిల్ల చేతులు పాలలో ముంచుతామని చెప్పాను. ఆవిడ చప్పున నా మణికట్టు పట్టుకున్నారు. వాళ్ల పెళ్లిళ్లలో కూడా కూతురు ఇల్లు వదిలేటప్పుడు తండ్రి పాలతో దీవిస్తాడట. పాలు నోట్లోకి తీసుకుని పిల్ల తల మీద, గుండెల మీద చల్లుతాడు. ఆ తర్వాత పిల్ల వెనక్కి తిరిగి చూడకుండా నడవాలి, చూస్తే రాయి అయిపోతుందంటారు. "పాలు నేను తెస్తాను" అన్నారు ఆవిడ.

రాత్రి భోజనాలయ్యాక నెగడు దగ్గర పిల్ల నా పక్కన కూర్చుంది. అప్పుడు అడిగాను, ఇంత దూరం ఎందుకే అని.

"పిన్నీ, తమ్ముడి పెళ్లిలో అమ్మ ఎక్కడుందో నీకు గుర్తుందా?" అంది.

తమ్ముడంటే మా అబ్బాయి. రెండేళ్ల క్రితం వాడి పెళ్లిలో అక్క ముహూర్తం వేళ భోజనాల హాల్లో కూర్చుంది. పక్కకి జరగమని ఎవరో ముత్తైదువ అనడం నేను విన్నాను. విని కూడా ఊరుకున్నాను, పెళ్లి హడావిడిలో ఎందుకులే అని. నా సొంత అక్క. మా అమ్మ తర్వాత నన్ను ఎత్తుకు పెంచిన మనిషి.

"అక్కడైతే వెయ్యి మందికి నేను ఎదురు చెప్పలేను. ఇక్కడ ముప్ఫై నాలుగు మందిమి. అమ్మని జరగమనేవాళ్లు ఒక్కరూ లేకుండా చూసుకునే పిలిచాను" అంది. దాని చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడలేకపోయాను.

అయిదో రోజు, పెళ్లి

ఆరున్నర దాటాక ఎండ వచ్చింది. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. ఒంటిగా నిలబడ్డ ఒక పెద్ద తుమ్మచెట్టు కింద నాలుగు రాటలు పాతి, పైన తెల్లగుడ్డ, చుట్టూ మామిడాకులు. నేల మీద చాపలు, చాపల మీద మళ్లీ పెద్ద దుప్పటి. తలంబ్రాల బియ్యం గడ్డిలో పడితే కోతులూ అడవిపందులూ మనుషుల తిండికి అలవాటు పడతాయి, అది వాటికి మంచిది కాదు. గింజ కూడా మిగలకుండా ఎత్తుతామని మాటిచ్చాం.

సన్నికల్లు మోసుకురాలేదు. వాగులోంచి కాపలా మనిషి ఒక చదునైన రాయి తెచ్చిచ్చాడు. పెళ్లయ్యాక దాన్ని కడిగి, తీసిన చోటే పెట్టొచ్చారు. ఇక్కడ్నించి రాయి కూడా బయటికి పోకూడదు.

అబ్బాయి కాళ్లు కడిగి కన్యాదానం చేసేటప్పుడు మావారి గొంతు వణికింది. అడ్డతెర పట్టుకున్నారు. జీలకర్రబెల్లం తలల మీద పెట్టేసరికి సరిగ్గా 9.40. మేళం లేదు కదా. ఫోన్‌లో సన్నాయి పెట్టి, గిన్నెలో నిలబెట్టాం, అంతకంటే గట్టిగా ఒప్పుకోరు. కానీ మాంగల్యధారణ వేళ పంతులుగారు చెయ్యెత్తగానే, పెద్దావిడతో వచ్చిన మసాయ్ ఆడవాళ్లు అయిదుగురు పాట ఎత్తుకున్నారు. ఒకరు అంటే నలుగురు అందుకుంటారు. పిల్ల వాళ్లకి ముందే చెప్పి పెట్టిందట. భుజాలు కదిలించినప్పుడల్లా మెళ్లో పూసల కంటెలు ఎగిరి పడుతుంటే ఆ చప్పుడే తాళం. అంతకంటే మంచి గట్టిమేళం నేను వినలేదు.

తలంబ్రాలయ్యాక అక్షింతలు. అందరం లేచి నిలబడ్డాం. అక్క వెనక, తుమ్మచెట్టు మొదట్లో ఉంది. పంతులుగారు పళ్లెం పట్టుకుని నేరుగా అక్క దగ్గరికి నడిచారు.

"ముందు మీరమ్మా."

"నేనెందుకండీ, పెద్దవాళ్లున్నారు..."

"తల్లి దీవెనకి అడ్డు చెప్పే మంత్రం నేను చదువుకోలేదమ్మా. తీసుకోండి."

పెళ్లికొడుకు తల్లి కూడా ముందుకొచ్చి, "రండి వదినగారూ, మీ తర్వాతే నేను" అని అక్క మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. ఆవిడకి నేను ఎలా కృతజ్ఞత చెప్పాలో ఇప్పటికీ తెలియదు. అక్క గుప్పెడు నిండా తీసుకుని పిల్లల తలల మీద పోసింది. సగం గింజలు తన కొంగులోనే పడ్డాయి.

అప్పగింతలు. పెద్దావిడ తెచ్చింది సొరబుర్ర. చుట్టూ తోలుపట్టీలు, గవ్వలు, పూసలు. బుర్రని లోపల కాలిన కట్టెతో తోమి శుభ్రం చేస్తారు, అందుకని పాలకి పొగవాసన పడుతుంది. వెండిగిన్నెలోకి వంచుతుంటే పాలలో నల్లటి నలుసులు రెండు మూడు తేలాయి. మా చిన్నప్పుడు పిడకల దాలిలో కాగిన పాల వాసన. అక్కా నేనూ ఒకేసారి తలెత్తి ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. పిల్ల రెండు చేతులూ ఆ పాలలో ముంచి, అత్తగారి చేతుల్లో పెట్టాల్సింది నేను. పెట్టబోయి ఆగి, అక్కని పిలిచాను. అక్క రాలేనంది. "నువ్వు రాకపోతే ఈ తంతు ఆగుతుంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అక్క వచ్చింది. ఆ చేతులు తనే ముంచింది, తనే అప్పగించింది.

పెద్దావిడ పచ్చగడ్డి పరకలు నాలుగు తుంపి కొత్తజంట చేతుల్లో పెట్టారు. పశువులు కాసుకునేవాళ్లకి గడ్డే ఐశ్వర్యం, గడ్డే దీవెన. తర్వాత తన మెళ్లోంచి ఒక పూసల కంటె తీసి పిల్ల మెళ్లో వేస్తారనుకున్నాం. అక్క మెళ్లో వేశారు. కూతుర్ని ఇచ్చిన తల్లికి ఉత్త మెడ ఉండకూడదన్నారట. ఎరుపు ధైర్యం, తెలుపు పాలు, నీలం వాన కురిసే ఆకాశం, పచ్చ గడ్డి అని ఒక్కో వరుసా చూపించి చెప్పారు. మూడేళ్లుగా బోసిగా ఉన్న మెడ అది.

మా పిల్ల వెనక్కి తిరిగి చూసింది. మూడుసార్లు చూసింది. ఏడుస్తూ, నవ్వుతూ చూసింది. పెద్దావిడ కూడా నవ్వారు.

మధ్యాహ్నం పులిహోర, గారెలు, మామిడికాయ పప్పు మేము చేశాం. వాళ్లు చపాతీలు, ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా ఆకుకూర చేశారు. అరిటాకులు సరిపోయాయి.

రాత్రి ఎనిమిదికి పంతులుగారు కొత్తదంపతులని గడ్డిలోకి పిలిచారు, ఇద్దరు కాపలావాళ్లు అటూ ఇటూ నిలబడ్డారు. పగటి పెళ్లిళ్లలో అరుంధతిని హాలు బయటికొచ్చి ఉత్త ఆకాశంలోకి చూపిస్తారు, అందరం కనపడిందనే అంటాం. ఇక్కడ నిజంగా చూశాం. మనకి నడినెత్తి వైపు ఎత్తుగా కనిపించే సప్తర్షులు ఇక్కడ ఉత్తరాన కిందకి వాలి ఉన్నారు. వసిష్ఠుడి పక్కన మిణుకుమిణుకుమంటూ అరుంధతి. ధ్రువుడు మాత్రం లేడు, ఈ చోటికి ఆయన నేలలోకి దిగిపోయాడు. వెనక్కి తిరిగితే దక్షిణాన, దాదాపు అంతే ఎత్తులో, సిలువ ఆకారంలో ఉండే నక్షత్రాల గుంపు, సదరన్ క్రాస్. చలికి శాలువా కప్పుకుని అందరం చాలాసేపు అలాగే ఉండిపోయాం.

ఆరో రోజు, మారా నది

మసాయ్ మారా రిజర్వు లోపలికి వెళ్లాం. ప్రవేశ రుసుము విదేశీయులకి జూన్ ఆఖరు వరకు రోజుకి 100 డాలర్లు, జూలై నుంచి 200. పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగేటి నుంచి వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద దుప్పుల మందలు సాధారణంగా జూలైలో వస్తాయి, మాకు కనిపించలేదు. నదిలో నీటిగుర్రాలు, గట్టు మీద మొసళ్లు, దారిలో ఏనుగుల గుంపు చూశాం. చిన్న ఏనుగుపిల్ల తల్లి కాళ్ల మధ్య నడుస్తోంది. ఏనుగు 22 నెలలు మోస్తుందని డ్రైవరు చెబితే, అక్క చేతులు జోడించింది.

ఏడో రోజు, తిరుగు ప్రయాణం

మట్టి రన్‌వే పక్కన బ్యాగులు తూచారు. దుప్పటి దులిపి ఎత్తిన తలంబ్రాల బియ్యం వంటగదిలో అప్పజెప్పేశాం. అక్క బ్యాగు 13 కిలోలు వచ్చింది. కంటె అందులో లేదు, మెళ్లోనే ఉంది.

నైరోబీలో తీయలేదు. విమానంలో నిద్రపోతున్నప్పుడూ తీయలేదు. ముంబైలో ఎల్లో ఫీవర్ కార్డులు చూసే కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి కార్డు మీద ముద్ర వేసి, తలెత్తి ఆ కంటెనే చూస్తూ, చాలా బావుంది, అక్కడ కొన్నారా అని హిందీలో అడిగింది.

అక్క కంటె మీద చెయ్యి వేసుకుని, తనకొచ్చిన హిందీలో నెమ్మదిగా చెప్పింది. "కొనలేదమ్మా. మా అమ్మాయి పెళ్లిలో నాకు పెట్టారు."